పైకి వెళ్ళే మాట

నెల్లూరు నుంచి తూర్పుకి ఏ రోడ్డు పట్టుకున్నా చివర సముద్రమే. మైపాడు రోడ్డు, కోడూరు రోడ్డు, ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం వెళ్ళే రోడ్డు, అన్నిటిదీ ఒకటే వరస. మొదట వరి మళ్ళు, తర్వాత రొయ్యల గుంటలు, గుంటల్లో నీళ్ళు చిమ్ముతూ ఏరియేటర్లు, ఆపైన బకింగ్‌హాం కాలువ. కాలువ దాటితే సరుగుడు తోపులు, ఇసక, జాలర్లుండే పట్టపుపాళేలు. సంక్రాంతి సెలవులయ్యి బళ్ళు తెరిచారు. నాట్లయిన మళ్ళు పచ్చగా కుదురుకుంటున్నాయి.

నేను బయల్దేరింది బళ్ళు చూడ్డానికి. తరగతి గోడ మీద తాకితే కదిలే తెరలు, పిల్లల చేతుల్లో ట్యాబులు, టీచర్ల ఫోన్లలో వాట్సాప్ గ్రూపులు ఈ తీరం పిల్లలకి ఏం నేర్పాయో, వాళ్ళచేత ఏం మాట్లాడించాయో తెలుసుకోవాలని. అందుకు ఈ తీరం కంటే తగిన చోటు నాకు తోచలేదు. చదువు కోసమే ప్రత్యేకంగా మన దేశం తయారుచేసుకున్న ఉపగ్రహం ఎగిరింది ఇక్కణ్ణుంచే. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు బడి.

కాలువ అవతల ఒక పల్లెలో, అలల చప్పుడు వినపడేంత దగ్గర్లో హైస్కూలు. ఏడో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చోమన్నారు. నల్లబల్ల పక్కన పెద్ద ఇంటరాక్టివ్ ప్యానెల్. 2019 నవంబర్ 14న ఒంగోలులో మొదలైన 'మన బడి నాడు-నేడు' పథకం కింద బళ్ళు బాగుపడ్డాక, 2023లో ఇలాంటి ప్యానెళ్ళు ఉన్నత పాఠశాలలకి, స్మార్ట్ టీవీలు చిన్న బళ్ళకి వచ్చాయి. ఆ రోజు సోషల్ పాఠం. టీచరమ్మ తెర మీద తీరం పటం తెరిచింది, ఆకాశం నుంచి తీసిన బొమ్మ. "మన ఊరు ఎక్కడుందో ఎవరు చూపిస్తారు?" అంది.

సగం తరగతి లేచింది. ఒక పిల్ల వచ్చి రెండు వేళ్ళతో బొమ్మని పెద్దది చేసింది, గుడి దొరికింది, గుడి వెనక బడి దొరికింది, కేకలు. అప్పుడు కిటికీ పక్కనున్న పిల్లాడు కూర్చున్నచోటి నుంచే అన్నాడు. "టీచర్, అది పాత బొమ్మ. మొగ ఇప్పుడు ఆడ లేదు. ఇసక మేటేసింది."

టీచరమ్మ వాణ్ణి పిలిచింది. వాడు వచ్చి, ఏరు సముద్రంలో కలిసే చోటుని వేలితో కొట్టేసి, దానికి కాస్త ఉత్తరంగా కొత్త గీత గీశాడు. ఇంకో పిల్లాడు అది కాదన్నాడు. వాళ్ళ నాన్న పడవ పోయేది ఇంకా అవతల నుంచని ఇంకో గీత గీశాడు. ఇద్దరూ వాదించుకున్నారు. వాదం ముదిరేసరికి తెలుగు జారిపోయింది. ఇంటి మాటలోకి దిగిపోయారు. ఈ తీరం పట్టపువాళ్ళు ఇళ్ళలో మాట్లాడుకునేది తమిళానికి దగ్గరి భాష. దానికి బళ్ళో పుస్తకం లేదు. టీచరమ్మ ఆపలేదు. ఆ మాట తెలిసిన ఒక ఆడపిల్లని లేపి, "వాళ్ళేమంటున్నారో నాకు చెప్పు తల్లీ" అంది. ఆ పిల్ల ఇద్దరి వాదమూ తెలుగులో చెప్పింది, న్యాయంగా చెప్పింది. తెర మీద మూడు గీతలు మిగిలాయి. ఏది నిజమో శనివారం వెళ్ళి చూసి రావాలని తీర్మానం.

అంత మంచి పాఠం నేను ఈ మధ్య చూడలేదు. ఉపగ్రహం తీసిన బొమ్మ మీద పన్నెండేళ్ళ పిల్లాడు దిద్దుబాటు చేశాడు. తరగతి ముందుకి వచ్చి, తన నాన్న పని గురించి, తన కంటితో చూసిన నేల గురించి, నమ్మకంగా మాట్లాడాడు. అచ్చు పటమే అయితే వాడికి ఆ చనువు వచ్చేది కాదు. అచ్చువేసిన దాన్ని కొట్టేయకూడదని పిల్లలకి మనమే నేర్పాం. తెర మీద గీస్తే చెరిగిపోతుంది గనక వాడు ధైర్యం చేశాడు.

ఇంటర్వెల్‌లో టీచరమ్మని అడిగాను, రోజూ ఇలాగే జరుగుతుందా అని. ఆవిడ ఏదీ దాచలేదు. "రోజూ యాడ సార్. సిలబస్ ఉంటది. ఎక్కువసార్లు వీడియో వేస్తాం. వీడియో వేస్తే గోల తగ్గుద్ది, అందరూ కదలకుండా చూస్తా ఉంటారు. చూస్తా ఉండారంటే నేర్చుకుంటా ఉండారని కాదు గదా. నాకైతే గోల తగ్గితే భయం."

ఆ మాట నాతోపాటు ప్రయాణం పొడుగునా వచ్చింది.

ఆ పిల్లల పుస్తకాలు తిరగేశాను. 2020 నుంచి మన రాష్ట్రంలో పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో అచ్చవుతున్నాయి, ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ అదే పాఠం తెలుగు. మంచి పని. కానీ ఈ పాళెంలో పిల్లకి ఇంటి భాష మూడోది. వీడియో ఇంగ్లిషులో చెబుతుంది, టీచరు తెలుగులో విడమరుస్తుంది, ఆ పిల్ల తనలో తాను ఇంకో భాషలో అర్థం చేసుకుంటుంది. ఈ మూడింటి మధ్య ఎక్కడ తెగిందో పైనున్న వాళ్ళకి తెలియాలంటే ఆ పిల్ల నోరు విప్పాలి. వేరే దారి లేదు. వీడియో ఎంత అందంగా ఉన్నా ఆ తెగిన చోటు దానికి కనపడదు.

అదే బళ్ళో ఇంకో పని చూపించారు. తాత ముత్తాతల దగ్గరికి వెళ్ళి చేపల పేర్లు, ఏ నెలలో ఏది పడుతుందో, ఏ వలకి ఏది చిక్కుతుందో పిల్లలు ఫోన్లో రికార్డు చేసి తెచ్చారు. చందువ, వంజరం, మాగ, నెత్తళ్ళు, కానగంతలు. టీచరమ్మ వాటిని ప్యానెల్‌కి ఎక్కించి సైన్సు పాఠంలో వాడింది. ముసలాయన గొంతు వినపడగానే "మా తాత!" అని ఒక పిల్ల గెంతింది. ఆ రోజు తరగతికి పాఠం చెప్పింది ఆ తాతే. ఇందులో పెద్ద సాంకేతికత లేదు. మామూలు ఫోను, ఒక తీగ. దాన్ని ఎటు తిప్పాలో టీచరుకి తెలియడమే అక్కడున్న విద్య.

కృష్ణపట్నం దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. రేవు, బొగ్గు, లారీల దుమ్ము, థర్మల్ కేంద్రాల గొట్టాలు. ముత్తుకూరులో మత్స్య కళాశాల గేటు పక్కన టీ తాగి, హైవే ఎక్కి, నాయుడుపేట వైపు వెళ్ళే బస్సు పట్టుకున్నాను.

బస్సులో పక్క సీటులో ఇంటర్ చదివే కుర్రాడు. సంచిలో ట్యాబ్ ఉంది, అద్దం ఒక మూల చిట్లింది. ఎనిమిదో తరగతిలో వచ్చిందని చెప్పాడు. 2022 డిసెంబర్ 21న ప్రభుత్వ బళ్ళలో ఎనిమిదో తరగతి పిల్లలకీ, వాళ్ళకి చెప్పే టీచర్లకీ కలిపి 5 లక్షలకి పైగా ట్యాబులు ఇవ్వడం మొదలుపెట్టారు. పాఠాలు ముందే నింపి ఇచ్చారు. సిగ్నల్ అందని పల్లెల్లో కూడా తెరుచుకునేలా అలా చేశారు. ఈ తీరానికి అది సరైన ఆలోచనే. ఇసక దిబ్బల వెనక చాలాచోట్ల ఫోన్ ఒక పుల్ల మీద ఊగుతుంది.

"బాగా ఉపయోగపడిందా అబ్బాయ్?"

"పడింది సార్. లెక్కలు చూసేవాణ్ణి."

"అర్థం కాకపోతే?"

"వెనక్కి జరిపి మళ్ళీ చూసేవాణ్ణి."

"అప్పటికీ కాకపోతే?"

కాసేపు కిటికీలోంచి చూశాడు. "మళ్ళీ చూసేవాణ్ణి."

ఆ పిల్లాడి ఓపికకి దండం పెట్టాలి. వాడికి నిజంగానే చదువుకోవాలని ఉంది. చేతిలో ఉన్న పెట్టె ఎంతసేపైనా చెబుతుంది, ఎన్నిసార్లయినా చెబుతుంది, వాడు ఎక్కడ ఆగిపోయాడో మాత్రం అడగదు. వాడి సందేహం వాడి దగ్గరే ఉండిపోయింది. నాలుగు మైళ్ళ దూరంలో లెక్కల సార్ ఉన్నారు. వీడు రాత్రి ఎనిమిదింటికి ఏ లెక్క దగ్గర ఆగాడో ఆయనకి తెలిసే వీలు లేదు.

తెలిసే వీలుంటే ఏం జరుగుతుందో ఢిల్లీలో ఒకసారి కొలిచి చూశారు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ అనే ఆర్థికవేత్తలు మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ పాఠాల మీద చేసిన అధ్యయనం 2019లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. 619 మంది పిల్లల్లో లాటరీ తీసి కొందరికి బడి అయ్యాక ఆ కేంద్రానికి వెళ్ళే అవకాశం ఇచ్చారు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ వాళ్ళు మిగతావాళ్ళని స్పష్టంగా దాటిపోయారు. కిటుకు బొమ్మల్లో లేదు. పిల్లవాడు తప్పు జవాబు ఇస్తే ఆ యంత్రం దాన్ని వినేది. ఏడో తరగతి పిల్లవాడికి నాలుగో తరగతి లెక్క దగ్గరే తడబాటు ఉందని గ్రహించి అక్కడికి దిగేది, అక్కణ్ణుంచి ఎక్కించేది. పక్కనే చిన్న గుంపుకి మనిషి సాయం కూడా ఉండేది. మన ప్రభుత్వ బళ్ళలో కూడా పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్ పేరుతో ట్యాబుల మీద ఇలాంటి పద్ధతి నడుస్తోంది. అది ప్రతి తీరపు బడికీ చేరాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. తప్పు జవాబు కూడా పిల్లవాడు చెప్పే మాటే. తరగతిలో నలభై మంది ముందు చెప్పలేని మాట.

సూళ్ళూరుపేటలో దిగేసరికి సాయంత్రం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక ఈ ఊరూ, శ్రీహరికోటా తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. మనుషుల మాట మాత్రం నెల్లూరు మాటే. మర్నాడు పొద్దున్నే ఆటోలో శ్రీహరికోట రోడ్డు మీదికి వెళ్ళాను. పులికాట్ సరస్సుని చీల్చుకుంటూ పోయే దారి అది. రెండు పక్కలా నీళ్ళు, దూరాన గులాబీ గీతల్లా ఫ్లెమింగోలు, దగ్గర్లో గూడబాతులు. ఈశాన్య రుతుపవనాల నీళ్ళు ఇంకా తీయలేదు, సరస్సు నిండుగా ఉంది. అవతల దీవి, దీవి మీద చెట్ల పైనుంచి తలెత్తి చూస్తున్న ప్రయోగవేదికల గోపురాలు. షార్ అని పిలిచే ఆ రాకెట్ కేంద్రం రాకముందు దీవి యానాదుల అడవి. 1971 అక్టోబర్‌లో చిన్న రోహిణి రాకెట్‌తో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. 2002 నుంచి షార్ పేరు సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం.

2004 సెప్టెంబర్ 20, సోమవారం, సాయంత్రం నాలుగు దాటిన నిమిషానికి అక్కణ్ణుంచి జీఎస్ఎల్‌వీ-ఎఫ్01 లేచింది. దాని తలమీద 1,950 కిలోల ఎడ్యుశాట్. పదిహేడు నిమిషాల్లో కక్ష్యలోకి చేర్చింది. వాతావరణం కోసమో, టీవీ కోసమో కాక, పూర్తిగా పాఠాల కోసం చేసిన మన మొట్టమొదటి ఉపగ్రహం. దేశాన్ని ప్రాంతాలుగా పంచుకుని ఒక్కో ప్రాంతం మీదికి ఒక్కో కిరణపుంజం వేసేలా అమర్చారు, ఆయా ప్రాంతాల పిల్లలకి వాళ్ళ వాళ్ళ భాషలో పాఠం వెళ్ళడానికి. అంతకు ముందే కర్ణాటక, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ విశ్వవిద్యాలయాలతో ఇన్‌శాట్-3బి మీద ప్రయోగాత్మకంగా నడిపి చూశారు.

దానికి ముప్పై ఏళ్ళ ముందు ఇంకో ప్రయత్నం జరిగింది. సైట్ అని పిలిచేవారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఏడాదిపాటు, నాసా అరువిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహంతో, మన ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి టీవీ పాఠాలు వెళ్ళాయి. విక్రం సారాభాయ్ కన్న కల అది, ఆయన పోయాక యశ్‌పాల్ నాయకత్వంలోని అహ్మదాబాద్ కేంద్రం నిజం చేసింది. కోళ్ళగూళ్ళకి వాడే ఇనుప వలతో యాంటెన్నాలు అల్లి పల్లెల్లో నిలబెట్టారు. పొద్దున బడిపిల్లలకి, సాయంత్రం పెద్దలకి. కరెంటు సరిగా లేని ఊళ్ళలో జనం మొదటిసారి టీవీ చూశారు. గొప్ప పని, ప్రపంచం మెచ్చింది. కానీ అంతా పైనుంచి కిందికే. పల్లె వినాలి, చూడాలి. పల్లె చెప్పేది పైకి వెళ్ళే దారి ఆ యంత్రంలో లేదు.

ఎడ్యుశాట్ ఆ లోటు తీర్చడానికే పుట్టింది. స్టూడియోలో అధ్యాపకుడు, దేశం ఏ మూలో ఉన్న తరగతిలో పిల్లవాడు. పిల్లవాడు ప్రశ్న అడుగుతానని మీట నొక్కుతాడు, వంతు రాగానే వాడి గొంతు, కొన్నిచోట్ల వాడి బొమ్మ కూడా, తరగతి మీదున్న డిష్ నుంచి పైకి వెళుతుంది. ముప్పైఆరు వేల కిలోమీటర్లు పైకి, అంతే కిందికి. వెలుగు వేగంతో వెళ్ళినా పావు సెకను పడుతుంది. జవాబు తిరిగి రావడానికి ఇంకో పావు. ఆ అర సెకను మౌనంలో పిల్లలు తికమకపడేవారని, రెండోసారి అడిగేసి అయ్యవారి మాట మీద తమ మాట వేసేవారని ఆ తరగతుల్లో పనిచేసిన వాళ్ళు చెబుతారు. అలవాటైపోతుంది. ఆగి వినడం కూడా ఒక చదువే.

ఇంతవరకూ సంతోషంగా చెప్పాను. ఇప్పుడు చెప్పేది నన్ను చాలా రోజులుగా కుదిపేస్తున్న లెక్క. ఇస్రో దూరవిద్య వలయాలు 83 ఏర్పడి, 26 రాష్ట్రాల్లో, 3 కేంద్రపాలిత ప్రాంతాల్లో 56,164 బళ్ళని, కళాశాలల్ని కలిపాయి. అందులో తిరిగి మాట్లాడగలిగిన కేంద్రాలు 4,943. మిగతా 51,221 కేవలం చూసేవి. వందలో తొమ్మిది తరగతులకి మాత్రమే గొంతు దక్కింది.

ఎందుకంటే కిందికి దింపుకోవడం చవక. డబ్బా, డిష్, టీవీ ఉంటే చాలు. పైకి పంపాలంటే ప్రసారం చేసే పరికరం కావాలి, దానికి అనుమతి కావాలి, నిలకడైన కరెంటు కావాలి, చూసుకునే మనిషి కావాలి. ఖర్చుల కాగితం మీద రెండూ పక్కపక్కనే పెడితే ఎవరైనా చవకదే ఎక్కువ కొంటారు, ఎక్కువ బళ్ళకి చేరుతుందని. తప్పు పట్టలేం. అయినా, రెండు వైపుల మాట కోసం ప్రత్యేకంగా కట్టిన ఉపగ్రహం పదింట తొమ్మిది తరగతులకి మళ్ళీ టీవీ అయిపోయింది. ఎడ్యుశాట్ 2011 సెప్టెంబర్‌లో తన పని ముగించింది. దాని పని తర్వాతి ఉపగ్రహాలు అందుకున్నాయి. ఆ నిష్పత్తి మాత్రం మన ఆలోచనల్లో అలాగే ఉండిపోయిందని నాకనిపిస్తుంది. ఎన్ని తెరలు ఇచ్చాం, ఎన్ని ట్యాబులు ఇచ్చాం అని లెక్కపెడతాం. ఆ తెర ముందు నుంచి ఎన్ని ప్రశ్నలు పైకి వచ్చాయని ఏ నివేదికలోనూ గడి ఉండదు.

చెక్‌పోస్టు దగ్గర ఆటో తిప్పించి, టీ కొట్టులో ఒక రిటైర్డ్ లెక్చరర్‌తో కబుర్లలో పడ్డాను. ఉమ్మడి రాష్ట్రంలో 'మన టీవీ' అనే పాఠాల చానల్ రోజులు ఆయనకి బాగా గుర్తు. హైదరాబాద్ స్టూడియో నుంచి పాఠం వచ్చేది, కాలేజీ మిద్దె మీద డిష్ ఉండేది, సందేహం వస్తే ఫోన్ చేసి అడగాలి. ఆ మన టీవీయే 2017లో తెలంగాణలో టీ-శాట్ అయింది. "ఫోన్ ఎప్పుడూ దొరికేది కాదండీ. రాష్ట్రమంతా ఒకటే పాఠం, అందరూ చేస్తారు గదా. ఒకసారి మా పిల్లకి లైన్ దొరికింది. ఆమె పేరు టీవీలో చెప్పి జవాబిచ్చారు. ఆ పిల్ల ఏం అడిగిందో నాకు గుర్తులేదు గానీ, ఆ తర్వాత రెండేళ్ళు ఆ పిల్ల నా క్లాసులో ప్రశ్న అడగని రోజు లేదు." ఒక్కసారి మాట చేరితే చాలు, అలవాటు పడుతుంది.

రేడియో ఈ పని ఇంకా ముందే, ఇంకా తక్కువ ఖర్చుతో చేసింది. 1970ల్లో నికరాగ్వాలో రేడియో లెక్కల పాఠాలు మొదలుపెట్టినవాళ్ళు ఒక చిన్న ఉపాయం కనిపెట్టారు. రేడియోలో ప్రశ్న వేసి, ఆగేవారు. ఆ ఖాళీలో తరగతి మొత్తం అరిచి జవాబు చెప్పాలి. రేడియోకి వినపడదు, పక్కనున్న టీచరుకి వినపడుతుంది. మన ఆకాశవాణిలో 'విందాం నేర్చుకుందాం' అలాంటిదే. పాటకి చప్పట్లు, ప్రశ్నకి జవాబు. 2020లో కరోనా వచ్చి బళ్ళు మూసినప్పుడు సప్తగిరి చానల్‌లో పదో తరగతి పాఠాలు వచ్చాయి, ఇంట్లో ఒంటరిగా కూర్చున్న పిల్ల ముందు. ఆ పాఠాలు చాలామందిని నిలబెట్టాయి, కాదనను. అయితే పక్కన వినే మనిషి లేనప్పుడు జవాబు చెప్పాలనే కోరికే పోతుంది. ఆ ఏడాది ఇళ్ళలో పిల్లలు మూగబోయారని తల్లులు చెప్పిన మాట ఈ తీరంలో ఎక్కడికి వెళ్ళినా విన్నాను.

మంచి కబురు కూడా ఈ దీవి నుంచే. 2022 ఆగస్టు 7న ఎస్ఎస్ఎల్‌వీ మొదటి ప్రయోగంలో ఆజాదీశాట్ అనే చిన్న ఉపగ్రహం వెళ్ళింది. దేశంలోని 75 ప్రభుత్వ బళ్ళ నుంచి 750 మంది ఆడపిల్లలు దాని భాగాల తయారీలో చేతులు కలిపారు. ఆ ప్రయోగం విఫలమైంది. ఊరుకోలేదు. 2023 ఫిబ్రవరి 10న రెండోది వెళ్ళి నిలిచింది. పాఠం వినాల్సిన పిల్లలే ఆకాశంలోకి సంకేతం పంపే వస్తువు తయారుచేశారు.

ఆఖరికి తాడ వైపు, భీములవారిపాలెం రేవు. అక్కణ్ణుంచి పులికాట్‌లోని ఇరకం దీవికి పడవ. దీవి ఆంధ్రప్రదేశ్‌దే, జనం మాట ఎక్కువగా తమిళం. పడవలో బియ్యం బస్తాలు, గ్యాస్ బండ, ఇద్దరు ఆడవాళ్ళు, బడి సంచులతో ముగ్గురు పిల్లలు, సరస్సు ఒడ్డున ఒక బళ్ళో సైన్సు చెప్పే మాస్టారు. సెలవు పూట చుట్టాల ఇంటికి వెళుతున్నారాయన. పిల్లలు ఆయన్ని ఎరుగుదురు.

రాకెట్ సంగతి వచ్చింది. ఇక్కడి పిల్లలకి రాకెట్ అంటే టీవీ వార్త కాదు, మిద్దె ఎక్కి చూసేది. మొదట నిప్పు కనపడుతుంది, పైకి లేస్తుంది, చాలాసేపటికి గానీ ఉరుము వినపడదు. ఎందుకని ఒక పిల్ల అడిగింది, తమిళంలో మొదలుపెట్టి తెలుగులో ముగించి. మాస్టారు జవాబు చెప్పలేదు. ఫోన్ తీసి, "ఇందులోకి అడుగు, మా క్లాసు పిల్లలకి పంపుతా. వాళ్ళు చెబుతారు" అన్నారు. ఆ పిల్ల సిగ్గుపడింది, పక్కనామె మోచేత్తో పొడిచింది, అడిగింది. పడవ మోటారు హోరులో రెండుసార్లు అడగాల్సి వచ్చింది. కాసేపటికి గ్రూపులో జవాబులు మొదలయ్యాయి, అన్నీ గొంతులే. ఒకడు శబ్దం మూడు సెకన్లకి కిలోమీటరు పోతుందని చెప్పాడు. ఇంకొకడు, అయితే ఈసారి రాకెట్ లేచినప్పుడు నిప్పు కనపడిన దగ్గర్నుంచి మీరు సెకన్లు లెక్కపెట్టండి, మేమూ ఇక్కడ లెక్కపెడతాం, షార్ మీకు దగ్గరా మాకు దగ్గరా తేలిపోద్ది అన్నాడు.

మాస్టారికి ఆ ఆలోచన నచ్చింది. రాకెట్ లేచే వేళకి ఫోన్‌లో రెండు చోట్లా కలిపి ఉంచుదామన్నారు. ముగ్గురు పిల్లలూ తలలు దగ్గరపెట్టి ఏదో మాట్లాడుకున్నారు. తర్వాత ఆ పిల్లే మళ్ళీ ఫోన్ అడిగి తీసుకుంది. ఈసారి ఎవరూ పొడవలేదు.

"ఫోన్ కలిపే ఉంటే, వాళ్ళకి వచ్చిన ఉరుము ఫోన్‌లో మాకు వెంటనే వినపడుద్ది గదా. అప్పుడు మాది ముందొస్తుందా, వాళ్ళది ముందొస్తుందా? రెండూ వస్తే ఏది లెక్కపెట్టాలి?"

మాస్టారు నావైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. "పంపించు" అన్నారు ఆయన, సంచిలోంచి కాగితం తీసి సరస్సు పటం గీయడం మొదలుపెట్టి.